మంత్రిగారూ, ఆ తాళం చెవి ఎవరి దగ్గరుంది?

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

మన విశాఖలో పిల్లల బొమ్మల క్లాసు జరిగే గదులకి వేసిన తాళం తీయించమని నేను మీకు రాస్తున్న ఐదో ఉత్తరం ఇది. మొదటి నాలుగూ అందాయనే అనుకుంటున్నాను. ఎందుకంటే మూడోది గ్రీవెన్స్‌లో కూడా ఇచ్చాను, కొన్నాళ్లకి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. సంతోషం పట్టలేక అప్పటికప్పుడు ఆటో ఎక్కి వెళ్లాను. గేటుకి తాళం ఉంది. కాకపోతే పాతది తుప్పు పట్టిందని కొత్తది వేశారు. పరిష్కారమంటే అదే కాబోలు.

ఊళ్లో కొత్త మ్యూజియం కడతామన్న సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. అది కట్టేలోగా పాత భవనంలో కింది రెండు గదులు వాడుకోండి, పిల్లలకీ చేతిపనివాళ్లకీ కార్యక్రమాలు మొదలుపెట్టండి అన్నది మీ శాఖవాళ్లే. భవనం పేరు రాయను. రాస్తే ముందు మాటపడేది అక్కడి వాచ్‌మన్. ఆయన మాకు మంచినీళ్లిచ్చిన మనిషి.

మొదలుపెట్టాం. ప్రతి ఆదివారం పొద్దున్న పది గంటలకి బొమ్మల క్లాసు. నేను స్కూల్లో 31 ఏళ్లు డ్రాయింగ్ మాస్టారిగా చేసి రిటైరయ్యాను. ఫైన్ ఆర్ట్స్ చదివే కుర్రాళ్లు నలుగురు సాయానికి వచ్చేవారు. పిల్లలు ఎక్కువమంది జాలరిపేటవాళ్లు. పదిహేనుమందితో మొదలై నలభై దాటారు.

స్కూల్లో నేను జీవితమంతా రెండు కొండలూ, మధ్యలో సూర్యుడూ దిద్దించినవాణ్ణి. వీళ్లు గీసే సముద్రంలో సూర్యుడే ఉండడు. ఏరా అంటే, "మా నాన్న ఏటకెళ్లేసరికి తెల్లారదు కదండీ మేస్టారూ" అన్నాడో గుంటడు. ఒకమ్మాయి వాళ్లమ్మ చేపల గంపని పైనుంచి చూసినట్టు గీసింది. అలా చూడమని ఎవరూ చెప్పలేదు. ఈ బొమ్మలే గోడలకి పెట్టి, అదే మన మ్యూజియంలో మొదటి గది అనుకున్నాం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమని మీకు తెలిసిందే. ఆ 61 రోజులూ పడవలు ఒడ్డునే ఉంటాయి, తండ్రులు ఇళ్లల్లోనే ఉంటారు. వాళ్లూ పిల్లల వెంట వచ్చి గుమ్మం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్లలో ఒకాయన చిరిగిన వల తెచ్చుకుని, మాటల్లో పడి, చిరుగులన్నిటినీ పిల్లల రంగు దారాలతో అల్లాడు. అది పైకప్పు నుంచి వేలాడదీస్తే గది గదంతా మారిపోయింది. దీన్ని ఇన్‌స్టలేషన్ అంటారండీ, వస్తువులతో గదినంతా ఒక కళారూపం చేయడం అని మా కుర్రాడు చెబితే, "చిరుగు కుట్టేనండీ, అంతే" అని నవ్వాడాయన. జూన్‌లో వేట మొదలయ్యేముందు వచ్చి పట్టుకెళ్తానన్నాడు.

సరిగ్గా జూన్ మొదటి వారంలో మీవాళ్లు తాళం వేశారు. మరమ్మతులట, రెండు వారాలట. వల లోపల, ఆయన బయట.

ఆ తర్వాత రెండు వానాకాలాలు వెళ్లిపోయాయండీ. మరమ్మతుకి ఒక్క ఇటుక రాలేదు, ఒక్క మేస్త్రీ రాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి ఊళ్లో చెట్లన్నీ కూలినా నిలబడ్డ భవనం అది, దానికి ఇప్పుడేం భయం వచ్చిందో! తాళం చెవి కోసం అడిగితే వాచ్‌మన్ సూపరింటెండెంట్‌ని చూపించాడు. ఆయన ఇంజనీరింగ్‌వాళ్లని అడగమన్నారు. వాళ్లేమో చెవి పాత ఆఫీసరు దగ్గరుందన్నారు. పాత ఆఫీసరుకి బదిలీ అయింది. కొత్తాయన, పాపం మర్యాదస్తుడే, కూర్చోబెట్టి టీ ఇప్పించి, నాకు అప్పగించిన ఛార్జ్ లిస్టులో తాళం చెవి లేదు మాస్టారూ అన్నారు. వల సంగతి చెబితే, అది మ్యూజియం వస్తువా, ప్రైవేటు వస్తువా రాసివ్వమన్నారు. రాసిచ్చాను. ఆ జాలరి అప్పుచేసి వేరే వల కొనుక్కున్నాడు. నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండును.

కిటికీ అద్దంలోంచి చూస్తే బొమ్మలు కనిపిస్తాయి. ఈ ఊరి ఉప్పుగాలి మీకు తెలుసు కదా, ఇనుమునే తినేస్తుంది, ఇక కాగితమెంత? చేపల గంప బొమ్మకి సగం బూజు పట్టింది.

లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. నెలకోసారి అక్కడినుంచి ఇద్దరు వచ్చి అంకుడు కర్ర మీద లక్క ఎలా పూస్తారో పిల్లలకి చూపించేవారు. 2017లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి పనే అని చెప్పే గుర్తింపు, వచ్చిన పని అది. వాళ్లకి బస్సు ఛార్జీలు అడిగితే, 2022లో జిల్లాలు విడిపోయాయి, ఏటికొప్పాక అనకాపల్లి జిల్లా, మాకు రాదు అన్నారు. లక్కకి కూడా జిల్లా ఉంటుందని నాకు తెలియదు.

మన బీచ్ రోడ్డు మీరెరుగనిది కాదు. 31 ఏళ్లు నేవీలో పనిచేసిన కురుసుర సబ్‌మెరైన్‌ని 2002లో ఒడ్డున పెట్టి మ్యూజియం చేశారు. దాని ఎదురుగా 2017లో టీయూ-142 విమానం వచ్చింది. రెండూ నాకిష్టమే, మనవల్ని తీసుకెళ్తాను. సముద్రం అడుగున తిరిగినదానికి చోటు దొరికింది, ఆకాశంలో తిరిగినదానికీ దొరికింది. ఒడ్డున బతికేవాళ్లకి రెండు గదులు దొరకవా? 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు గారి బొమ్మలకి రాజమండ్రిలో గ్యాలరీ ఉంది. అంతకంటే పెద్ద ఊరు మనది. ఇక్కడ బొమ్మలేయడం నేర్చుకున్న కుర్రాళ్లు హైదరాబాదుకో బరోడాకో పోతుంటే టాటా చెబుతున్నాం.

కొన్నాళ్లు క్లాసు ఇసుకలో పెట్టాం. గాలికి కాగితాలు ఎగిరిపోయేవి, సగం టైము వాటి వెనక పరుగే. పర్మిషన్ ఉందా అని ఎవరో ఒకరు అడిగేవారు. నలభైమంది పదకొండుమందయ్యారు. ఆ పదకొండుమందీ దారిలో కనిపిస్తే, "మేస్టారూ, తాళం దొరికిందా?" అంటారు. ఈమధ్య ఆ వీధి మానేసి చుట్టూ తిరిగి వెళ్తున్నాను.

అయ్యా, కొత్త మ్యూజియం మీరు ఎప్పుడు కడితే అప్పుడే కట్టండి. శంకుస్థాపనకి పిలవకపోయినా ఏమనుకోను. ముందు ఆ గదులు తెరిపించండి. తెరిపించడం కుదరకపోతే ఒక్కరోజు తెరవండి, పిల్లల బొమ్మలు ఎండలో పెట్టుకుంటాం. అదీ కాదంటే ఆ వల ఒక్కటి ఇప్పించండి. తాళం పగలగొట్టాల్సివస్తే కొత్త తాళం ఖర్చు నా పెన్షన్‌లోంచి నేనిస్తాను, రసీదు కూడా అడగను.

వచ్చే ఆదివారం పది గంటలకి గేటు దగ్గర ఉంటాను. ఆ జాలరిని కూడా రమ్మన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
విశాఖపట్నం