పెరంబూరు బాబాయ్ గారికి, మా కారు స్టీరియో తరఫున కృతజ్ఞతలు

ఈ పోస్టు మద్రాసు పెరంబూరులో మా పక్క వీధిలో ఉండే ఒక పెద్దాయన కోసం. పేరు రాయొద్దన్నారు కాబట్టి బాబాయ్ గారనే అంటాను. సొంతూరు సూళ్లూరుపేట, ఇక్కడి రైలుపెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో వైరింగ్ పని చేసి రిటైరయ్యారు. మా కారులో కొత్తగా పెట్టించిన స్టీరియో నోరు మూసుకుంటే, బోర్డు పోయిందని దుకాణంవాళ్లు తేల్చేసినదాన్ని ఆయన పైసా తీసుకోకుండా బాగుచేసి ఇచ్చారు. ఎలా చేశారో కూడా రాస్తున్నాను. ఇదే తిప్పలు ఇంకెవరికైనా వస్తే పనికొస్తుంది.

మాది పాత చిన్న కారు. కంపెనీ సెట్టు తీసేసి టచ్‌స్క్రీన్ ఉన్నది పెట్టించాం. దుకాణంలో బాగానే పాడింది. ఎఫ్ఎం రెయిన్‌బో 101.4 గంట కొట్టినట్టు వినిపించింది, డబ్బు కట్టి వచ్చేశాం. ఇంటికొచ్చాక మొదలైంది. సౌండ్ పెంచితే స్క్రీన్ మసకబారడం, స్పీడ్‌బ్రేకర్ ఎక్కితే ఆరి మళ్లీ వెలగడం. చివరికి తాళం తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. దుకాణానికి ఫోన్ చేస్తే వైరింగ్ అంతా కరెక్టే సార్, సెట్టులో బోర్డు పోయుంటుంది, ఇచ్చి వెళ్లండి కంపెనీకి పంపుతాం అన్నారు. ఎప్పటికి వస్తుందో మాత్రం చెప్పరు. తెలిసినవాళ్లలో ఒకరు ఎర్ర వైరూ పసుపు వైరూ కలిపేయమన్నారు. ఇంకొకరు బ్యాటరీ మార్చమన్నారు. ఆ వారాంతం నాన్నను తీసుకుని నెల్లూరు బయల్దేరాలి. గుమ్మిడిపూండి దాటేలోపు పాటలు రాకపోతే ఆయన రాజకీయాలు మొదలుపెడతారు, మా ఇంట్లో అందరికీ అదీ టెన్షన్.

బాబాయ్ గారు వచ్చి ముందు దేన్నీ విప్పలేదు. ప్రశ్నలు అడిగారు. లోపలి లైటు వెలుగుతోందా? డ్యాష్‌బోర్డు గడియారం నడుస్తోందా? ఆగిపోయేముందు మిణుకుమిణుకుమందా, ఠక్కున ఆగిందా? చాలా కార్లలో బ్యాటరీ నుంచి స్టీరియోకి వెళ్లే డైరెక్ట్ లైనూ, లోపలి లైటూ ఒకే ఫ్యూజు మీద ఉంటాయట. బిగించేటప్పుడు ఆ వైరు బాడీకి తగిలితే ఫ్యూజు కాలి రెండూ కలిసి పోతాయి, అదీ ఒక్కసారిగా. మాకు లైటు వెలుగుతోంది, సెట్టు మాత్రం మిణుకుతూ మిణుకుతూ పోయింది. "అయితే ఎక్కడో జాయింటు వదులు నాయనా" అన్నారు. అయినా ఫ్యూజు బాక్సులోదీ, సెట్టు వెనక ఉన్న 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజూ పీకి మల్టీమీటర్ పెట్టి చూశారు. రెండూ బాగున్నాయి. కంటికి బాగా కనిపించిన ఫ్యూజును నమ్మకూడదట.

సెట్టు బయటికి లాగాక మూడు వైర్లే చూశారు. పసుపు అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చే 12 వోల్టులు, గడియారం, సెట్టింగ్‌లు గుర్తుండేది దీనివల్లే. ఎరుపు తాళం తిప్పితే వచ్చే లైను. నలుపు ఎర్త్, అంటే కారు బాడీకి కలిసే వైరు. మిగతా గుంపు, అంటే తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా రంగులు, స్పీకర్లకు పోతాయి. పవర్ లేనప్పుడు వాటి జోలికి వెళ్లొద్దన్నారు. అయితే ఇవి సెట్టు వైపు రంగులు. కారు వైపు రంగులు కంపెనీకొక తీరుగా ఉంటాయి, కాబట్టి అక్కడ రంగు చూసి కలపకుండా మీటర్‌తో కొలిచి కలపాలి.

ఇక్కడే అసలు సంగతి. సెట్టు ఊడదీసి, పసుపుకీ నలుపుకీ మధ్య మీటర్ పెడితే 12.5 చూపించింది. తాళం తిప్పితే ఎరుపులోనూ అంతే. దుకాణం కుర్రాడు కూడా ఇదే కొలిచి వైరింగ్ కరెక్ట్ అని ఉంటాడు. బాబాయ్ గారు సంచిలోంచి ఒక ఇండికేటర్ బల్బు తీశారు, 21 వాట్లది, రెండు వైర్లు అతికించి పెట్టుకున్నారు. దాన్ని పసుపుకీ కారు బాడీ ఇనుముకీ మధ్య పెడితే కళ్లు జిగేలుమనేలా వెలిగింది. అదే బల్బు పసుపుకీ స్టీరియో నల్ల వైరుకీ మధ్య పెడితే లోపలి తీగ ఎర్రగా మారిందంతే. మీటర్ దాదాపు కరెంటు లాగదు కాబట్టి నల్ల వైరులో రెండు పోగులు తగిలి ఉన్నా నిండా వోల్టులు చూపిస్తుంది. బల్బు దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, అప్పుడు జాయింటు బండారం బయటపడుతుంది. స్టీరియో సౌండ్ పెంచితే మసకబారిందీ అందుకే. నాకు ఇంజనీరింగ్‌లో ఓమ్ సూత్రం చెప్పినవాళ్లు ఉన్నారు గానీ, దాన్ని ఇలా కళ్లముందు వెలిగించి చూపినవాళ్లు లేరు.

నల్ల వైరు పట్టుకుని వెనక్కి వెళ్తే జాయింటు దొరికింది. రెండు కొనలు చేత్తో మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టారు. మన మద్రాసు ఎండకి ఆపిన కారులో ఆ టేపు జిగురు కరిగి జారింది, సెట్టు లోపలికి తోసినప్పుడు వైరు లాగినట్టయింది, మిగిలినవి నల్లబడ్డ కొన్ని పోగులు. పని ఎవరు చేశారన్నది ఇక అనవసరం. ఆ దుకాణం మీద నాకు కోపం ఉంది కానీ ఈ పోస్టు దానికోసం కాదు.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ 10 నంబర్ పానాతో ఊడదీశాకే కట్టర్ ముట్టుకున్నారు. నలుపుతో పాటు ఎరుపు, పసుపు జాయింట్లు కూడా కోసి, సోల్డరింగ్ చేసి, వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం, హీట్ ష్రింక్ స్లీవ్, తొడిగారు. బ్యాటరీ మళ్లీ కలిపి, సెట్టు ఆన్ చేసి, సౌండ్ పెంచి, నల్ల వైరుకీ బాడీకీ మధ్య వోల్టేజీ కొలిచారు. ఆ రెంటి మధ్య దాదాపు సున్నా ఉండాలి. మాది 0.1 కూడా దాటలేదు.

ఎరుపూ పసుపూ కలిపేయమన్న సలహా చెబితే మాత్రం గట్టిగా కోప్పడ్డారు. తాళం తీసినా సెట్టుకి కరెంటు అందుతూనే ఉంటుంది, నాలుగు రోజులు కారు కదపకపోతే బ్యాటరీ దిగిపోతుంది. వైర్లు కోసే పని లేకుండా కారు ప్లగ్గుకీ సెట్టు ప్లగ్గుకీ మధ్య పెట్టే కప్లర్, మోడల్‌కి సరిపోయేది, అమ్ముతారు, కారు సామాన్లమ్మే జీపీ రోడ్డులో అడిగితే దొరుకుతుంది, బిగించేముందే అది పెట్టమని దుకాణంవాళ్లతో తేల్చుకోవాలి అన్నారు. కొత్తగా సెట్టు పెట్టించేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

బాబాయ్ గారూ, ఎండలో డోరు తెరుచుకుని వంగి కూర్చున్నారు, మోకాలి నొప్పి సంగతి పిన్ని గారు చెప్పేదాకా మాకు తెలియదు. డబ్బు మాట ఎత్తితే లేచి వెళ్లిపోతానన్నారు. నెల్లూరు వెళ్తున్నారు కదా, మొలగొలుకుల బియ్యం కనిపిస్తే ఐదు కిలోలు పట్టుకురండి, దానికి డబ్బు మాత్రం నేనిస్తాను అన్నారు. బియ్యం దొరికాయి. నాన్న తెలిసిన రైతు దగ్గర తీసుకున్నారు, ఆదివారం పొద్దున తెచ్చిస్తాం. డబ్బు సంగతి మీరూ నాన్నా తేల్చుకోండి, నేను మధ్యలో రాను.