మ్యాప్‌లో నీలం రంగు పడితే నీళ్లున్నట్టేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఎండాకాలం పాకాల దగ్గర మా చెల్లెలి పొలంలో రెండు బోర్లు వేశారు. ఒకటి 620 అడుగులు, రెండోది 700. రెండూ ఫెయిలయ్యాయి. రెండూ అప్పు తెచ్చి వేసినవే. పాయింటు పెట్టింది వేపపుల్ల పట్టుకున్న మనిషి కాదు, మిషన్ తెచ్చిన మనిషి. భూమి అయస్కాంత బలాన్ని కొలిచే మాగ్నెటోమీటరు భుజాన వేసుకుని గంటన్నర పొలమంతా తిరిగి, లాప్‌టాప్‌లో రంగుల మ్యాప్ తీశాడట. నీలం రంగు పడిన చోట వేలు పెట్టి, "ఇక్కడ అయస్కాంతం తక్కువ చూపిస్తోంది, కింద రాయి మెత్తబడింది, నీళ్లు గ్యారంటీ" అన్నాడట.

నేను వెళ్లేసరికి రిగ్గు నడుస్తోంది. 90 అడుగులు దాటాక పొడి నల్లగా రావడం మొదలైంది. పొడికి అయస్కాంతం పెడితే అరిగిన బిట్టు రజను కూడా అంటుకుంటుంది కాబట్టి దాన్ని నమ్మలేదు. వేలెడంత రాతి పెళ్లు ఒకటి ఏరుకుని ఇంటికి తెచ్చాను. దారానికి వేలాడదీసిన చిన్న అయస్కాంతం దగ్గర పెడితే అది మెల్లగా ఊగి పెళ్లు వైపు తిరిగింది. మనవాళ్లు నల్లరాయి అంటారే, అదే. చదువుకున్నవాళ్లు డోలరైట్ డైక్ అంటారు. గ్రానైట్ బండను చీల్చుకుని కింది నుంచి గోడలా లేచిన రాయి. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇలాంటి గోడలు చాలా ఉన్నాయి, ఎక్కువగా తూర్పు పడమరలుగా.

మరి నల్లరాయిలో ఇనుప ఖనిజం ఎక్కువ కదా, దాని మీద మిషన్ తక్కువ ఎందుకు చూపించింది? అసలు చిక్కు అక్కడే ఉంది. భూమి అయస్కాంత మధ్యరేఖ తమిళనాడు దక్షిణ కొసకు దగ్గరగా పోతుంది. అందుకని పైకీ కిందికీ కూడా తిరిగేలా వేలాడదీసిన అయస్కాంత ముల్లు మన దగ్గర దాదాపు పడుకునే ఉంటుంది. కింద ఉన్న రాయి తెచ్చే అదనపు బలం, సరిగ్గా దాని నెత్తిన, భూమి బలానికి ఎదురు తిరిగి ఉంటుంది. కాబట్టి ఇక్కడ తూర్పు పడమరలుగా ఉన్న డైక్ మీద రీడింగు పెరగదు, తగ్గుతుంది. ధ్రువాల వైపు దేశాల్లో ఎర్రగా కనిపించే రాయే మన దగ్గర నీలంగా కనిపిస్తుంది. ఉత్తర దక్షిణాలుగా ఉన్న డైక్ అయితే చాలావరకు కనిపించకుండానే పోతుంది. రాయి పుట్టినప్పుడే దానిలో నిలిచిపోయిన అయస్కాంతత్వం కూడా కలిస్తే లెక్క ఇంకా మెలిక పడుతుంది. ఇవేమీ చూడకుండా రంగును బట్టి చెబితే, నీళ్లున్న చోటు అనుకుని సరిగ్గా గోడ నెత్తిన బోరు దించినట్టే. మా చెల్లెలి పొలంలో జరిగింది ఇదేనని నా గట్టి నమ్మకం.

మాగ్నెటోమీటరుకు నీళ్లు కనిపించవు. రాయి కనిపిస్తుంది, అంతే. అది కూడా తక్కువ మేలు కాదు. డైక్ అడ్డుకట్టలా భూగర్భ జలాన్ని ఆపుతుంది, ఎగువ వైపు నీళ్లు నిలవచ్చు. గట్టుకు ఈ పక్క బోరు పోస్తుంటే ఆ పక్క ఎండిపోవడం మన రైతులు ఎన్నోసార్లు చూసినదే. కానీ గోడ ఎటు పోతోందో తేల్చాలంటే ఒక చోట స్థిరంగా ఇంకో మాగ్నెటోమీటరు పెట్టి, పగటిపూట భూమి బలం దానంతట అది పదుల నానోటెస్లాలు (అయస్కాంత బలాన్ని కొలిచే చిన్న ప్రమాణం) మారడాన్ని తీసేయాలి. ఇనుప కంచెకు, మోటారు షెడ్డుకు, జేబులో సెల్‌ఫోనుకు దూరంగా ఉండాలి. ఆరోజు రెండో మిషన్ లేదు. కంచె పక్కనే నడిచాడని చెల్లెలు చెప్పింది.

ఈమధ్య గురుత్వాకర్షణ సర్వే, అంటే భూమి లాగే బలం చోటును బట్టి ఎంత మారుతోందో కొలవడం, కూడా చేస్తామంటున్నారు. మంచి పద్ధతే, అయితే దానికి ఎత్తులు చాలా కచ్చితంగా తెలియాలి. తిరుపతిలో 100 కిలోలున్న మనిషి తిరుమల వెళ్లి స్ప్రింగు త్రాసు ఎక్కితే సుమారు 14 గ్రాములు తగ్గుతాడు. కొలవాల్సిన తేడాలు ఇంతకంటే ఎన్నో రెట్లు చిన్నవి. బండ మీద చివికిన రాయి ఒక చోట 20 మీటర్లు ఎక్కువ మందంగా ఉంటే వచ్చే తేడా 0.4 మిల్లీగాల్ (ఆ లాగే బలాన్ని కొలిచే చిన్న ప్రమాణం) దాకా ఉంటుంది. ఎత్తు రెండు మీటర్లు తప్పు రాసుకున్నా అంతే తేడా వస్తుంది. సెల్‌ఫోను జీపీఎస్‌లో ఎత్తు అంతకంటే ఎక్కువే తప్పుతుంది. పైగా శేషాచలం కొండల అడుగున ఉన్న పొలాల్లో కొండే పైకి లాగుతుంది. ఆ సవరణ చేయకపోతే కొండ పక్కనంతా లోతైన మెత్తటి నేల ఉన్నట్టు మ్యాప్ అబద్ధం చెబుతుంది. అన్నీ సరిగ్గా చేసినా, పైనున్న వెడల్పాటి పలుచని పొర, లోతున ఉన్న చిన్న ముద్ద ఒకే రీడింగు ఇవ్వగలవు. ఏది నిజమో పక్క పొలంలోని పాత బోరు చెప్పాలి.

అందుకే నా విన్నపం. నీరు, భూమి, చెట్ల కోసం తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, రిగ్గులు రిజిస్టరు చేసుకోవాలి. డబ్బు తీసుకుని పాయింటు పెట్టేవాళ్లకు కూడా ఆ నియమం పెట్టండి. రంగు బొమ్మ ఒక్కటే కాదు, ఏ చోట ఏ టైముకు ఎంత రీడింగు వచ్చిందో ఆ కాగితం రైతుకు ఇవ్వాలని రూలు పెట్టండి. అది చేతిలో ఉంటే ఇంకొకరికి చూపించుకోవచ్చు. కేంద్రం 2023 డిసెంబరులో నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీ పోర్టల్ తెరిచింది. దేశం డబ్బుతో చేసిన సర్వేలు అందులో ఉంటాయి. వాటితో ఎకరంలో పాయింటు పెట్టలేం, కానీ మండలంలో డైక్‌లు ఎటు పోతున్నాయో పెద్ద గీతల్లో తెలుస్తుంది. ఎస్వీ యూనివర్సిటీ జియాలజీ విభాగం వాళ్లను, భూగర్భ జల శాఖ వాళ్లను కూర్చోబెట్టి, మండలానికి ఒక మ్యాపు తెలుగులో వేయించి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించమని జిల్లా కలెక్టర్లను కోరుతున్నాను. దాని మీద ఇప్పటికే ఫెయిలైన బోర్లు కూడా గుర్తు పెట్టాలి. ఫెయిలైన బోరు ఇచ్చే సమాచారం ఎవరూ రాసుకోవడం లేదు, పొడితో పాటే గాలికి పోతోంది.

మా చెల్లెలి రెండు బోర్లలో ఏ లోతున ఏ రంగు పొడి వచ్చిందో అడుగుల లెక్కన నోటుబుక్కులో రాసి ఉంచాను. ఏ ఆఫీసులో ఇవ్వాలో చెబితే తెచ్చి ఇస్తాను.

– ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
తిరుపతి