అచ్చమాంబ పుస్తకాన్ని పిల్లలకు చేర్చండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మార్చి 8న పాఠశాలల్లో జరిగిన మహిళా దినోత్సవాల ఫొటోలు మీ పత్రిక జిల్లా పేజీలో చూశాను. అట్టకత్తులు పట్టిన ఝాన్సీ లక్ష్మీబాయిలు, జరీ అంచు చీరల్లో రుద్రమదేవులు, చేతికర్రతో ఒక ఐలమ్మ. పిల్లలు ముద్దుగానే ఉన్నారు, వాళ్ల తల్లులు పడ్డ శ్రమా కనిపిస్తూనే ఉంది. వేషాలపై నాకు కోపం లేదు. వేషం విప్పగానే కార్యక్రమం ముగిసిపోతోందన్నదే నా బాధ. ఐలమ్మ వేషం కట్టిన పాపకు, పాలకుర్తిలో నాలుగెకరాల పంట ఎవరి ఇంటికి చేరాలన్న దాని మీద విసునూరు దేశ్‌ముఖ్‌తో ఆ తగాదా వచ్చిందని ఎవరైనా చెప్పారా? దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి అడిగితే, 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు టికెట్ లేదని నెహ్రూను గుమ్మం దగ్గర ఆపిన బాలిక అంటారు. ఆ బాలికే పెద్దయి రాజ్యాంగ సభలో కూర్చుందనీ, 1958లో స్త్రీ విద్యపై వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షత వహించిందనీ చెప్పడానికి సమయం చాలదు. టిఫిన్ల వేళ అవుతుంది.

ఇలాంటి చరిత్రలను తెలుగులో అందరికన్నా ముందు శ్రద్ధగా పోగు చేసినవారిలో ఒక స్త్రీ ఉన్నారు. బండారు అచ్చమాంబ. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టారు. తిరుపతమ్మ తిరునాళ్లకు మునేటి ఒడ్డున దిగే వేలమందిలో, అది అచ్చమాంబ పుట్టిన ఊరని ఎరిగినవారు ఎందరుంటారో ఊహించుకోవచ్చు. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. తెలుగులో విజ్ఞాన గ్రంథాలు ప్రచురించిన విజ్ఞాన చంద్రికా మండలి పేరు తెలిసిన ప్రతివారికీ ఆయన పేరు తెలుసు. అక్కగారి సంగతి వచ్చేసరికి చాలామంది తడుముకుంటారు.

ఆమె బడికి వెళ్లి చదువుకోలేదు. చిన్నతనంలోనే పెళ్లయి, భర్త ఉద్యోగరీత్యా మధ్య పరగణాలకు వెళ్లారు. తమ్ముడిని తమ దగ్గరే ఉంచుకుని చదివించారు, అతని పక్కన కూర్చుని తానూ నేర్చుకున్నారు. తెలుగు, హిందీ, మరాఠీ, బెంగాలీ పుస్తకాలు చదవగలిగే స్థాయికి వచ్చారు. కన్నబిడ్డలను పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంలోనూ కలం వదలక, మన దేశంలో సుమారు వెయ్యేళ్ల కాలానికి చెందిన స్త్రీల జీవితాలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. వీరేశలింగం గారు 1901లో దాన్ని ‘చింతామణి’ పత్రికలో ప్రచురించారు. ఆడవాళ్లకు బుద్ధి తక్కువనీ, చదువుకుంటే చెడిపోతారనీ వాదించే పెద్దమనుషులకు జవాబుగా పూనుకున్న పని అది. జవాబు కూడా ఎలా చెప్పారు? కేకలు వేయలేదు, ఆధారాలు పోగు చేశారు. పురాణ స్త్రీలకు ఒక భాగం, విదేశీ స్త్రీలకు మరో భాగం కేటాయించాలనుకున్నారు కానీ ఆయుష్షు చాలలేదు.

అంతటితో ఆగలేదు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. ‘హిందూసుందరి’ పత్రికలో కథలు రాశారు. అదే ఏడాది వచ్చిన ‘ధన త్రయోదశి’ గురజాడ ‘దిద్దుబాటు’ కన్నా ఎనిమిదేళ్లు ముందుది. మొదటి తెలుగు కథ ఏదన్న చర్చను పండితులకు వదిలేస్తాను. ఆ చర్చలో తప్ప ఆమె పేరు మరెక్కడా వినిపించకపోవడమే నాకు విచిత్రంగా ఉంది. 1905 జనవరి 18న, ప్లేగు రోగులకు సేవ చేస్తూ, ముప్పై ఏళ్లకే బిలాస్‌పూర్‌లో కన్నుమూశారు. మన బడులకు అవి సంక్రాంతి సెలవుల రోజులు. వర్ధంతి జరపకపోయినా అడిగేవారు ఉండరు.

నేను కోరేది విగ్రహం కాదు, ఆమె పేరిట అవార్డూ కాదు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అచ్చులో, అందుబాటు ధరలో దొరకాలి. ప్రతి శాఖా గ్రంథాలయంలో రెండు ప్రతులుండాలి. రచయిత మరణించి 60 ఏళ్లు దాటితే కాపీరైటు వర్తించదు కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ రాయల్టీ కట్టనక్కర్లేదు. ఇక డబ్బంటారా, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మన దగ్గర వసూలు చేస్తూనే ఉన్నారు. స్థానిక సంస్థలు ఆ సొమ్మును గ్రంథాలయాలకు సరిగా జమ చేయడం లేదన్న ఫిర్యాదు పాతదే. జిల్లా గ్రంథాలయ సంస్థలు దాన్ని గట్టిగా అడిగి రాబట్టుకుంటే ఒక పుస్తకం అచ్చు ఖర్చు పెద్ద లెక్కలోకి రాదు.

ఆ గ్రాంథికం పిల్లలకు ఎక్కదని తోటి ఉపాధ్యాయులు అనవచ్చు. నిజమే, మొదటి పేజీలో తడబడతారు. నలభై ఏళ్ల కిందట మా విద్యార్థులూ తడబడ్డారు. కష్టమైన మాటలకు పేజీ అడుగున అర్థాలిచ్చి, ఒకటి రెండు చరిత్రలు టీచరు బిగ్గరగా చదివి వినిపిస్తే పదో తరగతి పిల్లలకు అందుతుంది. భక్తి పద్యాలు కంఠస్థం చేయగల పిల్లలకు 1901 నాటి వచనం మింగుడుపడదంటే నేను నమ్మను.

వచ్చే మార్చి 8కి వేషధారణ పోటీ పక్కనే ఒక పఠన పోటీ పెట్టమని జిల్లా విద్యాశాఖాధికారులను కోరుతున్నాను. తాను వేసిన వేషం ఎవరిదో ఆ పిల్లే ఐదు నిమిషాలు చదివి చెప్పాలి, అంతే. మీ పత్రికనూ ఒకటి అడుగుతాను. ఈ ఏడాది దీపావళికి ముందు వచ్చే ఆదివారం అనుబంధంలో ‘ధన త్రయోదశి’ని యథాతథంగా ముద్రించండి. ఆ కథ ఆ పండుగ రోజుదే. రెండు పేజీలకు మించి పట్టదు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
నందిగామ