ఈ సీజన్ల కయాక్‌లు పెడ్తలేం, టికెట్ మాత్రం పెరుగుతున్నది

అన్నలకు, అక్కలకు, వదినెలకు నమస్తే.

కొల్లాపూర్ దిక్కు, శ్రీశైలం ప్రాజెక్టు వెనుక నీళ్ల ఒడ్డున ఉన్న సోమశిలకు మేం నడిపే ట్రిప్ కోసం ఫోన్ చేసేటోళ్లల్ల సగం మంది ఇప్పుడు ఒక్కటే మాట అడుగుతున్నరు: "అక్కా, వియత్నాంల మీరిద్దరు నడిపిన ఆ ఎర్ర పడవలు మన దగ్గర ఎప్పుడు దింపుతున్నరు?" ఎండకాలంల మేం స్టేటస్ పెట్టిన ఫొటోలు చూసి అడుగుతున్నరని తెలుసు. ఫోన్ల రెండు ముక్కలు చెప్తే సరిపోయే ముచ్చట కాదు, అందుకే ఇట్ల రాస్తున్న. ఆ ఎర్ర పడవలే కయాక్‌లు, ఎవరికి వాళ్లు తెడ్డేసి నడుపుకునే సన్నటి పడవలు. అవి ఈ ఏడు పెడ్తలేం. దాని మీద, మన ఒక్కరోజు బోటు ట్రిప్ టికెట్ 1,200 నుంచి 1,450 అయితున్నది. ఈ రెండు నిర్ణయాలూ ఆ ఫొటోలల్ల ఉన్న రోజు నుంచి వచ్చినయే.

మార్చి దాటితే సోమశిలల నీళ్లు వెనక్కి పోతయి, ఒడ్డంత బురద మిగులుతది, మన బండ్లకు పని ఉండదు. ఆ ఖాళీల ఆఫీసుకు తాళం వేసి, ఇద్దరం భుజాలకు బ్యాగులు తగిలించుకుని వియత్నాం పోయినం. అందరూ హాలాంగ్ బే అంటరు గానీ, మేం దాన్ని ఆనుకునే ఉన్న లాన్ హా బే ఎంచుకున్నం. దానికి కాట్ బా దీవి నుంచి పోవాలె. హనోయ్‌ల బస్సెక్కితే హైఫాంగ్ దిక్కు పోయి, అక్కడ సముద్రం దాటించి దీవికి చేరుస్తరు. హాలాంగ్‌ను యునెస్కో 1994లనే ప్రపంచ వారసత్వ జాబితాల చేర్చింది, కాట్ బా దీవులను 2023ల దానికి కలిపింది. సున్నపురాయి గుట్టలు వందల కొద్దీ సముద్రంల నుంచి నిట్టనిలువుగ లేచి ఉంటయి. సోమశిల నుంచి శ్రీశైలం దాకా లాంచీల పోయినోళ్లు ఒకసారి యాది చేసుకోండి. ఆ నల్లమల గుట్టలను ముక్కలు చేసి నీళ్లల్ల చల్లినట్టు ఉంటది.

పొద్దున బెయో రేవు నుంచి పెద్ద పడవ బయలెల్లింది. పడవ కదలకముందే లైఫ్ జాకెట్లు ఇచ్చిండ్రు. ఇచ్చి ఊకుండలే. గైడు ఒక్కొక్కరి ముందట నిలబడి, బకిళ్లన్నీ పెట్టించి, రెండు భుజాల కాడ జాకెట్‌ను పట్టి పైకి గుంజి చూసిండు. నాది గదువ దాకా లేచింది. వెంటనే తీపిచ్చి చిన్న సైజు తొడిగించిండు. గుంజినప్పుడు జాకెట్ పైకి లేచిందంటే, నీళ్లల్ల పడ్డప్పుడు జాకెట్ మీద తేలుతది, మనిషి అండ్లకెళ్లి కిందికి జారుతడు. మన దిక్కు ఏ రేవుకు పోయినా జాకెట్ అంటే అందరికీ ఒక్కటే సైజు. ఐదేండ్ల పిల్లకు, ఆ పిల్ల తాతకు అదే.

గుట్టల నడుమ ఒక కాడ పెద్ద పడవ ఆపి, ఇద్దరిద్దరికి ఒక కయాక్ ఇచ్చిండ్రు. ప్లాస్టిక్‌ది, లోపలంత డొల్ల, మీద కూసునేటందుకు గుంటలు. కూసోంగనే అడుగున రంధ్రాల నుంచి నీళ్లు పైకొస్తయి, చిల్లు పడ్డదేమో అని కొత్తోళ్లెవరికైనా భయమైతది. అవి కావాలని పెట్టినయే. అల కొట్టి మీద పడ్డ నీళ్లు అండ్లకెళ్లే దిగిపోతయి, డొల్లల ఉన్న గాలి పడవను మునగనియ్యదు. తెడ్డుకు రెండు కొసలకూ రెక్కలుంటయి, రెక్క పక్కనే కర్రకు ఒక రబ్బరు రింగు ఉంటది. తెడ్డు లేపినప్పుడు నీళ్లు కర్రెంబడి చేతుల మీదికి, ఒళ్లోకి కారకుండ ఆ రింగు కాడనే రాలిపోతయి. చూస్తే ఏం లేదు, కానీ చాలాసేపు తెడ్డేసినోళ్లకు దాని విలువ తెలుస్తది.

ముందట కూసున్నోళ్లు లయ పట్టాలె, వెనుకున్నోళ్లు ఆ లయకే వేసుకుంట దిక్కు చూసుకోవాలె. మా ఆయనది కృష్ణ ఒడ్డు, చిన్నప్పటి నుంచి పుట్టి నడిపిన చెయ్యి. అందుకే ఆయన వెనుక, నేను ముందట. పుట్టి గుండ్రంగ ఉంటది, ఒక్క తెడ్డుతోటి ముందట నీళ్లను గుంజుకుంట పోవాలె. కయాక్ సన్నగ పొడుగ్గ ఉండి ఒక్క తెడ్డుకే మస్తు దూరం సాగుతది, దాన్ని తిప్పుడే కష్టం. కొంచెం సేపటికి ఇద్దరికీ కుదిరింది. రెండు తెడ్లు ఒక్కసారే నీళ్లల్ల పడుతుంటే నాకైన సంతోషం అంతా ఇంతా కాదు. ఆయన స్టీరింగ్ కాడ, నేను ఫోన్ కాడ, మా సంసారం ఎప్పుడూ అట్లనే నడిచింది. ఇద్దరం ఒక్క పని మీద ఒకే దిక్కు చూసుకుంట కూసున్నది తక్కువ.

గుట్టల మొదట్ల, నీళ్లు తాకే కాడ, రాయి లోపలికి తొలుచుకపోయి ఉంటది. దానికి ఆల్చిప్పలు కర్సుకుని ఉంటయి, చేయి పెడితే కోసుకుపోతది. "రాయి మీదికి పోతే చేత్తో నెట్టకండి, తెడ్డుతో నెట్టండి" అని గైడు ముందే చేసి చూపించిండు. అందరికన్న ముందట ఒక గైడు, అందరికన్న వెనుక ఇంకొక గైడు. ఎవరో ఇద్దరు విదేశీయులు రెక్కలు పట్టేసి వెనుకబడితే, వెనుకున్న గైడు ఏం మాట అనకుండ వాళ్ల పడవకు తాడు కట్టి గుంజుకొచ్చిండు.

ఇగ అసలు ముచ్చట గుహ కాడ. వెలుగు చీకటి గుహ అని ఒకటుంది, దాంట్ల నుంచి కయాక్ మీద ఇటు దూరి అటు తేలొచ్చు. లోకంల శానా తీరాలల్ల రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, అంటే సముద్రం నీళ్లు రెండుసార్లు లేస్తయి, రెండుసార్లు దిగుతయి. ఆ సముద్రంల మాత్రం ఎక్కువ రోజులు ఒక్క పోటు, ఒక్క ఆటే. పెద్ద పోటు రోజుల్ల నీళ్లు మూడు మీటర్లకు మించి లేస్తయి. మేం పోయేసరికి నీళ్లు ఇంకా మీదనే ఉన్నయి. గైడు గుహ నోటి కాడ రాయి మీద తడి గీత చూసిండు, చేతిల ఉన్న పోటు, ఆటు టైముల పట్టిక చూసిండు, ఇప్పుడు కాదన్నడు. పైసలు కట్టినోళ్లు గుణిగిండ్రు, ఒకాయన గట్టిగనే అడిగిండు. గైడు నవ్వుకుంటనే తల అడ్డంగ ఊపిండు. ముందు దీవి తిప్పి, అన్నం పెట్టి, నీళ్లు దిగినంక మధ్యాహ్నం మళ్ల తీసుకొచ్చిండు. అప్పుడు గుహ కప్పు కిందకెళ్లి పోయినం. చేయి ఎత్తితే తగిలేటంత ఎత్తుల ఉన్నది. పొద్దున వస్తే అది మా తలల కాడ ఉండేది.

నడుమ కోతుల దీవికి తీసుకపోయిండ్రు. మన శ్రీశైలం రోడ్డు మీది కోతుల లెక్కనే బ్యాగులు గుంజుతయి, అంతకన్న చెప్పేది లేదు. కాట్ బాల బంగారు రంగు తలుండే కొండముచ్చులు వేరే ఉన్నయి. లోకం మొత్తం మీద వందలోపే మిగిలినయట, అవి కూడ ఆ ఒక్క దీవిలనే. అవి మాకు కనబడలే. అన్నంల చేప వేపుడు, స్ప్రింగ్ రోల్స్, ఎల్లిపాయ వేసి వేయించిన తూటికూర పెట్టిండ్రు. అవును, మన చెరువు గట్టున తీగలు పారే తూటికూరనే. అక్కడ అది రోజు కూర. ఇంటికొచ్చినంక మేం కూడ ఎల్లిపాయతోటి వండుకున్నం, మంచిగుంటది.

సాయంత్రం రేవుల దిగినంక మా ఆయన ఫొటోలు దిగుతుంటే నేను ఒక పెద్దామెను చూసుకుంట నిలబడ్డ. మేం విప్పేసిన జాకెట్లన్నీ ఆమె మంచినీళ్ల డ్రమ్ముల ముంచి తీస్తున్నది. ఉప్పు పేరుకుంటే కుట్లు పాడైతయి గద. తీసిన ఒక్కొక్క దానికీ ప్రతి బకిల్ పెట్టి, గుంజి, విప్పి, దండెం మీద ఆరేస్తున్నది. ఒకదానికి పట్టీ కుట్టు ఊడింది. దాన్ని పక్కకు విసిరేసింది, దండెం మీదికి రానియ్యలే. ఎవరూ చూస్తలేరు, ఎవరూ చెప్తలేరు. ఫొటోలల్ల కనబడే ఎర్ర పడవల వెనుక ఈ పని ఉన్నది. కయాక్‌లు కొనుడు పెద్ద కష్టం కాదు, బ్యాంకుల అడిగితే లోన్ కూడ వస్తదేమో. కానీ ఆ పెద్దామె పని, ఆ గైడు "ఇప్పుడు కాదు" అనే పని రోజూ చేసేటోళ్లు ఉంటేనే పడవ నీళ్లల్ల పెట్టాలె.

ఇగ మన నీళ్ల సంగతి. మా ఆయనది ముంపు కుటుంబం. శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981ల ఖాళీ చేయించిన దాదాపు వంద ఊర్లల్ల వాళ్ల ఊరు కూడ ఒకటి. మా మామ బోటుల పోతుంటే చేయి చూపిస్తడు: ఇక్కడ మన గడి గోడ, అక్కడ ఊరబావి, అగో అక్కడ చింతతోపు అని. అవన్నీ నీళ్ల కింద ఇంకా ఉన్నయి. ప్రాజెక్టు నిండితే నీటి మట్టం 885 అడుగులు, ఎండకాలంల 810 దాకా దిగిన ఏండ్లు కూడ ఉన్నయి. శ్రావణంల నిలువు లోతుల ఉన్న గోడ, సంక్రాంతి దాటినంక పడవ అడుగుకు అందేటంత దగ్గరికొస్తది. చెట్ల మోడులు, చేపలు పట్టేటోళ్ల వలలు సరేసరి. లాన్ హాల నీళ్లు రోజూ ఎంత లేస్తయో, ఎంత దిగుతయో ముందే అచ్చేసిన పట్టిక ఉంటది. మన దగ్గర ఎగువ నుంచి ఎంత వస్తది, కిందికి ఎంత ఇడుస్తరు అనే దాని మీద మట్టం మారుతది. ఏ నెలల ఎక్కడెక్కడ పోవచ్చో గీసుకున్న పటం లేకుండ, కొత్తోళ్ల చేతిల తెడ్డు పెట్టి పంపుడు మా మనసు ఒప్పుతలేదు.

2007 జనవరిల మంచాలకట్ట కాడ బోటు మునిగి అరవై మందికి పైగ పోయిండ్రు. కొల్లాపూర్ దిక్కు ఆ రోజు యాదికి లేని ఇల్లు లేదు. వియత్నాంల అంతా సక్కగనే ఉంటదని కూడ అనుకోవద్దు: 2025 జూలైల హాలాంగ్ బేల ఉన్నట్టుండి గాలివాన లేచి టూరిస్టుల బోటు బోల్తా పడి ముప్పై మందికి పైగ చనిపోయిండ్రు. నీళ్ల మీద బతికేటోళ్లు గాలిని చూసి ఆగుడు నేర్సుకోవాలె, దేశం ఏదైనా సరే.

అందుకని ఈ సీజన్ నుంచి మన బోటు ట్రిప్ల మారేది చెప్తున్న. మనం కిరాయికి తీసుకునే బోటుకు 30 మందికి పర్మిషన్ ఉన్నది. ఇగ మీద 22 మందినే ఎక్కిస్తం. జాకెట్లు బోటోళ్లయి కాకుండ మావే, పెద్దోళ్లకు మూడు సైజులు, పిల్లలకు వేరే. ఒక్కొక్కటి 1,600 దాకా పడ్డది. ఎక్కేముందు నేనే ఒక్కొక్కరి భుజాల కాడ గుంజి చూస్త, ఎవరూ ఏమనుకోవద్దు. నడిమిట్ల ఫొటో కోసం జాకెట్ విప్పుతమంటే బోటు ఒడ్డుకు తిప్పుతం. పట్టుచీర మీద జాకెట్ మంచిగ కనబడదని నాకూ తెలుసు, ఫొటోలు ఎక్కకముందు సోమేశ్వరుని గుడి మెట్ల మీద నేనే తీస్త. మందు తాగొచ్చినోళ్లు బస్సుల కూసోవాలె, బోటెక్కనియ్యం. గాలి లేస్తే ట్రిప్ ఆపుతం. ఒడ్డు దాకా వచ్చి ఆపినా బోటు పైసలు పూర్తిగ వాపస్ ఇస్తం, సింగోటం గుడి దర్శనం, భోజనం మాత్రం ఉంటయి.

లెక్క కూడ మీ ముందట పెడ్తున్న. ఇంతకుముందు నిండు బోటుకు 36,000 వచ్చేది. కొత్త ధరకు 22 మందితోటి 31,900 వస్తది. టికెట్ పెంచినా మా చేతికొచ్చేది తగ్గుతది, అండ్లనే బస్సు డీజిల్, బోటు కిరాయి, భోజనాలు. పాత ధరకే చేయమని శానామంది దగ్గరోళ్లు అడిగిండ్రు. 30 మందిని ఎక్కిస్తే చేయొచ్చు, మేం ఎక్కించం. ఈ ధర మీకు బరువైతే సోమశిలకు ఆర్టీసీ బస్సుల కొల్లాపూర్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఆటోల పోయి గుడి, నది చూసుకుని రావొచ్చు. దారి అడగండి, సంతోషంగ చెప్త.

కయాక్‌ల మీద మాకు ప్రేమ లేక కాదు. నీళ్లు తగ్గినప్పుడు మా మామను, చేపలు పట్టే వాళ్లను కూసోబెట్టుకుని ఒడ్డుకు దగ్గరగ ఒక చిన్న ముక్క పటం గీయాలని మొదలుపెట్టినం. గోవాల జాతీయ వాటర్ స్పోర్ట్స్ సంస్థ ఉన్నది, నీళ్లల్ల పడ్డోళ్లను కాపాడుడు నేర్పుతరు. మా ఆయన, ఇంకో ఇద్దరు పిల్లగాండ్లు అక్కడ నేర్సుకుని రావాలె. సర్కారు పర్మిషన్, ఇన్సూరెన్స్ ఆ తర్వాత. ఇవన్నీ అయినంక చెప్త, అప్పటిదాకా తారీఖు అడగొద్దు.

వియత్నాంకు గ్రూపు టూర్ వేయమంటున్నరు కొందరు. వేయం, మాకు తెలిసిన నీళ్లు ఇక్కడియే. కానీ మీరే పోవచ్చు, పెద్ద కష్టం లేదు. ఈ-వీసా ఆన్‌లైన్ల వస్తది, ఒక్కసారి పోయి వచ్చేదానికి 25 డాలర్లు, 90 రోజుల దాకా ఉండొచ్చు. మన రూపాయికి అక్కడ దాదాపు 300 డాంగ్‌లు, నోట్ల మీద సున్నాలు చూసి బెదరకండి. లాన్ హాకు ఏప్రిల్ మంచిది, అక్టోబరు, నవంబరు ఇంకా మంచివంటరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తుఫాన్ల కాలం. శాకాహారులు పడవ ఎక్కేముందే చెప్పుకోవాలె, అక్కడ కూరగాయల్ల కూడ చేపల సాస్ పోస్తరు.

మన ట్రిప్పులు శ్రావణంల నీళ్లు నిండినంక మొదలైతయి, తారీఖులు గ్రూపుల పెడ్తం. సీట్లు తక్కువ కాబట్టి ఆదివారాలు తొందరగ నిండుతయి, శనివారం రాగలిగినోళ్లు శనివారమే చూసుకోండి. బుకింగ్ మెసేజ్‌ల పేర్లతో పాటు పిల్లలుంటే వాళ్ల బరువు ఎన్ని కిలోలో రాయండి, ఆ సైజు జాకెట్ ముందే తీసి పెడ్త.