ఒకే కళ్లంలో రెండు కూలి రేట్లా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా గోదావరి డెల్టాలో కూలి రేటెంతని అడిగితే ఎవరూ ఒక అంకె చెప్పరు, రెండు చెబుతారు. మగ కూలీకి ఇంత, ఆడ కూలీకి ఇంత. రెండోది ఎందుకు తక్కువంటే చిన్నప్పటి నుంచి వింటున్న జవాబు ఒకటే, మగాళ్లది బరువు పని అని. ఎరువు బస్తా మోయడం బరువే, కాదనను. కానీ మోకాలి లోతు బురదలో పొద్దున్నుంచి నడుం వంచి వరి నాట్లు ఊడ్చడం తేలిక పని అని ఎవరు తేల్చారు? ఊడ్చిన వాళ్లయితే కాదు.

పోనీ ఆ పనులు వేరు అనుకుందాం, మరి ఒకే పనికి ఏమంటారు? మొన్న సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు వానకు ధాన్యం తడిసిపోతే మా ఊరి రోడ్డు పొడుగునా ఆరబోశారు. ఒక రాశి దగ్గరికి మొగుడూ పెళ్లాం ఇద్దరూ పనికొచ్చారు. ఇద్దరూ కాళ్లతో గింజ తిరగేశారు, మబ్బు పట్టగానే ఇద్దరూ పరుగెత్తి బరకాలు కప్పారు, తెరిపివ్వగానే మళ్లీ తీశారు, సాయంత్రం ఆవిడ గోతం మూతి పట్టుకుంటే ఆయన ఎత్తి పోశాడు, చేతులు నొప్పెడితే అటూ ఇటూ మారారు. చీకటి పడ్డాక ఆయనకు 700, ఆవిడకు 400 ఇచ్చారు. రెండూ ఒకే ఇంటికి వెళ్లే డబ్బులు కాబట్టి వాళ్లేమీ అనలేదు. ఇచ్చిన రైతు చెడ్డవాడేం కాదు, ఊళ్లో రేటు అలా ఉంది, ఇచ్చాడు. ఎవరికీ తప్పనిపించకపోవడమే నాకు కష్టంగా ఉంది. మొగుడు లేని మనిషి అదే రాశి దగ్గర పనిచేస్తే ఆ 300 ఎవరింటికి వెళ్లినట్టు?

చట్టం లేదా అంటే ఎప్పుడో ఉంది. సమాన పనికి సమాన వేతనం అని రాజ్యాంగం 39వ అధికరణంలోనే రాశారు, 1976లో చట్టం చేశారు. దాని స్థానంలో ఇప్పుడు 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని మూడో సెక్షనే ఇది: ఒక యజమాని దగ్గర ఒకే పనికి, లేదా అలాంటి పనికే, ఆడా మగా తేడాతో కూలి మార్చకూడదు, పనిలో పెట్టుకునేటప్పుడూ తేడా చూపకూడదు. సమానం చేస్తున్నామని చెప్పి మగవాళ్ల కూలి కోసేయడమూ కుదరదు. ఉపాధి హామీ పనులనే తీసుకోండి, 2005 చట్టం వచ్చినప్పటి నుంచి చెరువు మట్టి ఎవరు తీసినా రేటు ఒకటే, ఆడకూలి మగకూలి అనే మాటే లేదు. చెరువు గట్టు మీద కుదిరింది పక్క చేలో కుదరదా?

కౌలు రైతులు నా మీద కోప్పడతారని తెలుసు. ఎకరానికి కౌలు బస్తాలు కొలిచి, పెట్టుబడి తీసేస్తే మిగిలేదేముందని అడుగుతారు, అది నిజమే, మా ఇంట్లోనూ కౌలు వ్యవసాయం ఉంది. గిట్టుబాటు ధర కోసం వాళ్లు చేసే పోరాటం న్యాయమైనదే. కానీ ఆ లోటును ప్రతిసారీ ఆడకూలీల దగ్గరే ఎందుకు పూడ్చుకుంటున్నారు? ట్రాక్టరు అద్దె తగ్గించమంటే ఎవరూ తగ్గించరు కదా. 1987లో లేడీ స్టెనోగ్రాఫర్ల కేసులో ఒక కంపెనీ మా ఆర్థిక పరిస్థితి బాలేదని వాదిస్తే, అది సాకుగా చెల్లదని సుప్రీంకోర్టు తేల్చేసింది.

అయినా ముందు రైతుల్ని పట్టుకోమని నేననడం లేదు. రిజిస్టర్లు, ఆఫీసు, అకౌంటెంటు ఉన్న చోట మొదలుపెట్టండి. డెల్టా నిండా రొయ్యల షెడ్లున్నాయి, మిల్లులున్నాయి. ఐసు నీళ్లలో చేతులు పెట్టి గంటల తరబడి రొయ్య తలలు తీసేది, పొట్టు వలిచేది దాదాపు అందరూ ఆడవాళ్లే, వాళ్లను అజమాయిషీ చేసే సూపర్‌వైజర్లు మాత్రం ఎక్కువగా మగవాళ్లు. మా చుట్టాలమ్మాయి ఎమ్మెస్సీ చదివి అలాంటి ఒక చోట ల్యాబులో చేరింది. తన తర్వాత వచ్చి, తన దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడిని ఇన్‌ఛార్జిని చేశారు, జీతం కూడా పెంచారు. ఇదేంటని అడిగితే రాత్రిపూట లోడు వస్తుంది కదమ్మా, నువ్వుండగలవా అన్నారట. ఉండగలవా అని అడిగారు గానీ రాత్రి ఇంటికి దింపే వ్యాను పెడతాం అనలేదు. తెల్లవారుజామున ఊళ్లకెళ్లి పీలింగుకి ఆడవాళ్లను ఎక్కించుకొచ్చే వ్యాన్లు మాత్రం ఆ ఫ్యాక్టరీకి ఉన్నాయి!

మెషీన్లు వచ్చాక ఇంకో రకం అన్యాయం జరిగింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కోత మిషను వచ్చి కోతలో ఆడవాళ్ల పని పోయింది, దాని డ్రైవరు సీటు మగవాళ్లకు దక్కింది. డ్వాక్రా సంఘాలకు డ్రోన్లు ఇచ్చి మందు కొట్టడం నేర్పే కేంద్ర పథకం 2023లో వచ్చింది. మంచిదే, కోత మిషన్ల విషయంలో కూడా అలాంటి ట్రైనింగు ఇవ్వాలి.

ఇక ఫిర్యాదు చేయొచ్చు కదా అనేవాళ్లకు ఒక మాట. ఫిర్యాదు చేసిన మనిషిని మర్నాడు ముఠా మేస్త్రి పనికి పిలవడు. అందుకే ఎవరూ చేయరు. కొత్త కోడ్ ప్రకారం కూలి బకాయి కోసం కార్మికురాలే రానక్కర్లేదు, ఆవిడ తరఫున యూనియన్ గానీ, ఇన్‌స్పెక్టరే స్వయంగా గానీ దరఖాస్తు వేయొచ్చు, మూడేళ్ల లోపు బకాయి అడగొచ్చు. తక్కువ ఇచ్చిన యజమానికి 50 వేల దాకా జరిమానా ఉంది. కాబట్టి కార్మిక శాఖ అధికారులను నేను అడిగేది ఒకటే. ఎవరో వచ్చి చెప్పేదాకా కూర్చోకుండా, ఈ దాళ్వా (రబీ) కోతల్లోపు మండలానికి ఒక మిల్లు, ఒక షెడ్డు చొప్పున వెళ్లి జీతాల రిజిస్టరు తెరిపించండి, ఒకే పనికి ఆడ మగ ఎంతెంత ఇచ్చారో పక్కపక్కన రాయండి, తేడా ఉంటే దరఖాస్తు మీరే వేయండి. మీ పత్రిక కూడా ఎన్ని చోట్లకు వెళ్లారో అధికారులను అడిగి జిల్లా పేజీలో వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాలకొల్లు