చెవిటి కుక్కపిల్లను మళ్లీ రోడ్డు మీద వదలొద్దు: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మల్కాజిగిరిలో అద్దె ఇంట్లో ఉంటాను. బడిలో పాఠాలు చెబుతాను. దీపావళికి వారం ముందు మా వీధి చివర కాలువ పక్కన ఒక కుక్కపిల్ల దొరికింది. ఒళ్లంతా తెలుపే, తోక మొదట్లో ఒక్క గోధుమ రంగు మచ్చ. అమ్మ దానికి మల్లి అని పేరు పెట్టింది. పండగ రాత్రి వీధి కుక్కలన్నీ కార్ల కిందికి దూరి వణుకుతుంటే, మల్లి మాత్రం గుమ్మం దగ్గర గోనె పట్టా మీద హాయిగా నిద్రపోయింది. ఎంత ధైర్యమో అనుకున్నాం. మర్నాడు కుక్కర్ విజిల్ వేసినా కదల్లేదు. వెనక నిలబడి చప్పట్లు కొట్టినా తల తిప్పలేదు. అప్పుడు అర్థమైంది.

పశువుల డాక్టర్ గారు వివరంగా చెప్పారు. కుక్కపిల్లలకు పుట్టిన రెండు వారాలకు గానీ చెవులు తెరుచుకోవు. ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవికీ అవసరం. బాగా తెల్లగా పుట్టిన పిల్లల్లో కొన్నిటికి ఆ కణాలు చెవిలో ఉండవు. దాంతో శబ్దాన్ని పట్టుకునే సన్నని కణాలు మొదటి కొన్ని వారాల్లోనే చచ్చిపోతాయి. మందు లేదు, ఆపరేషన్ లేదు. తతిమ్మా అన్ని విషయాల్లో మల్లి ఆరోగ్యంగా ఉంది. ఇప్పుడు మూడు నెలలు. రేబిస్ టీకా కూడా వేయించాను.

దానికి ఇల్లు వెతకడం మొదలుపెట్టాక అసలు కష్టం తెలిసింది. ఒకాయన వచ్చి చూసి, కాపలాకు పనికిరాదని వెళ్లిపోయారు. ఆయన్ని నేను తప్పుపట్టను, ఆయనకు కావలసింది కాపలా కుక్క. తర్వాత ఒక కుటుంబం ఎంతో ఇష్టంగా తీసుకెళ్లి నాలుగో రోజున వెనక్కి తెచ్చింది. నిద్రపోతున్న మల్లిని వాళ్ల పాప వెనక నుంచి పట్టుకుందట. ఉలిక్కిపడి నోరు వేసిందట. గాయం కాలేదు గానీ ఆ తల్లి భయపడింది. ఏ తల్లయినా భయపడుతుంది. చెవిటి కుక్కను ఎలా లేపాలో నేను వాళ్లకు చెప్పలేదు. అప్పటికి నాకే తెలియదు. ముక్కు దగ్గర అరచేయి పెట్టి వాసన తగలనివ్వాలి, లేదా భుజం మీద మెల్లగా తాకాలి. రోజూ ఇలా లేపి, వెంటనే ఏదైనా తినిపిస్తే కొద్ది రోజుల్లో ఉలికిపాటు తగ్గుతుంది. మల్లికి తగ్గింది. ఇప్పుడు బొటనవేలు పైకి చూపిస్తే శభాష్ అన్నట్టని దానికి తెలుసు. అరచేయి కిందికి దించితే కూర్చుంటుంది. రాత్రి వరండా లైటు రెండుసార్లు వేసి ఆర్పితే పరిగెత్తుకొస్తుంది.

మంత్రి గారూ, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసిన వీధి కుక్కను పట్టుకున్న చోటే వదలాలి. మామూలు కుక్కల విషయంలో ఇది సరైన పద్ధతి అని నేనూ నమ్ముతాను. కానీ మల్లి లాంటిదాన్ని వదిలితే? వెనక వచ్చే లారీ హారన్ దానికి వినపడదు. దాన్ని చంపడానికి అదొక్కటి చాలు.

వీధి కుక్కలంటే జనానికి ఉన్న భయాన్ని నేను చిన్నది చేయడం లేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయాడు. రోజూ పిల్లల మధ్య ఉండేదాన్ని, అది నేను మరిచిపోలేను. రోడ్డు మీద కుక్కలు తగ్గాలంటే ఆపరేషన్లతో పాటు దత్తత కూడా ఒక దారి. దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదే అని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మరి ఆ బాధ్యత మోయడానికి వాళ్లకు తెలియాల్సినవి ముందే చెప్పాలి కదా. నేను మల్లిని తీసుకెళ్లిన ఒక దత్తత శిబిరంలో ఫారం నింపుతుంటే రంగు, వయసు, ఆడా మగా అన్నీ అడిగారు. వినికిడి గురించి రాయడానికి గడే లేదు.

నేను అడిగేది పెద్ద బడ్జెట్ పని కాదు. ఆపరేషన్ కేంద్రాల్లో, దత్తత శిబిరాల్లో ప్రతి కుక్కనూ వెనక నుంచి శబ్దం చేసి ఒకసారి చూడాలి. శబ్దం చేసే మనిషి నీడ, గాలి దానికి తగలకూడదు, లేకపోతే విన్నట్టే తిరుగుతుంది. వినపడదని తేలితే ఆ సంగతి ఫారంలో రాయాలి, దాన్ని వీధిలో వదలకుండా ఇల్లు దొరికేదాకా ఉంచాలి. తీసుకెళ్లేవాళ్లకు తెలుగులో, ఉర్దూలో ఒక పేజీ సూచనలు ఇవ్వాలి. ఎలా లేపాలి, ఏ సైగలు నేర్పాలి, గొలుసు లేకుండా ఎందుకు బయటికి తీసుకెళ్లకూడదు, అంతే. రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లను అడిగితే ఆ పేజీ వారంలో రాసివ్వగలరు. ఆ కాగితం ఆ రోజు నా చేతిలో ఉండి ఉంటే మల్లి ఇప్పుడు ఆ పాపతో ఆడుకుంటూ ఉండేది.

మా ఇంటి ఓనర్ గారు నెలాఖరు దాకా గడువిచ్చారు. ఈలోపు గేటు ఉన్న ఇల్లు, రోజూ కాస్త సమయం ఇవ్వగల మనుషులు మల్లికి కావాలి. ఈ ఉత్తరం చదివినవారిలో అలాంటివాళ్లు ఉంటే ముందుగా వచ్చి నాలుగు రోజులు దానితో గడపండి. సైగలన్నీ నేనే నేర్పుతాను.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి ఒక టీచర్