ఆదివారం పూట ఒక్క ల్యాబ్ తాళం తీయండి

సంపాదకులకు నమస్కారం.

కిందటి ఆదివారం మీ సైన్స్ పేజీలో టెస్లా కాయిల్ (గాల్లోకి చిన్న మెరుపులు చిమ్మే హై వోల్టేజ్ పరికరం) ఫొటో వేసి, ఇంట్లో పిల్లలు కూడా చేసుకోవచ్చన్నట్టు రాశారు. ఫొటో బాగుంది. కానీ ఆ నాలుగు పేరాలు చదివి ఏ ఇంటర్ కుర్రాడో నేరుగా ప్లగ్గులో వైరు పెడతాడేమోనని టెన్షన్ పట్టుకుంది. 42 ఏళ్లొచ్చి, ఇద్దరు పిల్లల తండ్రినై ఉండి కూడా నా మొదటి కాయిల్ దగ్గర నేనేమంత తెలివిగా ప్రవర్తించలేదు కాబట్టి, ఇంజినీరింగ్ కాలేజీల్ని ఒక మాట అడగాలని ఇది రాస్తున్నా.

నేను కట్టింది సాలిడ్ స్టేట్ రకం. 1891లో నికోలా టెస్లా చేసినదాంట్లో స్పార్క్ గ్యాప్ (నిప్పురవ్వ దూకే సందు) ఉండేది, ఇందులో ఆ పని రెండు మాస్‌ఫెట్లు (స్విచ్చుల్లా ఆన్-ఆఫ్ అయ్యే ట్రాన్సిస్టర్లు) చేస్తాయి, సెకనుకు కొన్ని లక్షల సార్లు. 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, రాణీగంజ్‌లో తూకానికి కొన్న 33 గేజ్ ఎనామిల్ తీగ, పాతిక సెంటీమీటర్ల పొడవున దాదాపు 900 చుట్లు. 200 మీటర్ల పైచిలుకు తీగ, తూకం చూస్తే వంద గ్రాములు కూడా లేదు. 700 దాటాక మా చిన్నది వచ్చి "నాన్నా, ఎన్నయ్యాయి?" అనడంతో లెక్క తప్పింది. పర్లేదు, పది చుట్లు అటూఇటూ అయితే కొంపలేం మునగవు, ఫ్రీక్వెన్సీ కాస్త జరుగుతుందంతే. నాది 380 కిలోహెర్ట్జ్ దగ్గర తేలింది.

అసలు కథ కింది బోర్డులో మొదలైంది. అమెరికా వాళ్ల సర్క్యూట్ ఒకటి దొరికితే ఉన్నదున్నట్టు దించేశాను. అక్కడ ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, రెక్టిఫై చేస్తే, అంటే డీసీగా మారిస్తే, 170 వస్తుంది, అందుకని వాళ్లు 200 వోల్టుల మాస్‌ఫెట్లు పెట్టుకుంటారు. మన 230ని రెక్టిఫై చేస్తే 325. ఈ ముక్క నాకు తెలియదా అంటే తెలుసు, డిప్లొమాలో చదువుకున్నదే! అయినా ఆ రాత్రి గుర్తుకు రాలేదు. టపాకాయ పేలినట్టు పేలింది, ఎంసీబీ పడింది, పక్క ఫ్లాట్ అంకుల్ తలుపు కొట్టి "ఏం బాబూ, గ్యాసా?" అన్నారు.

తర్వాత 500 వోల్టుల ఐఆర్‌ఎఫ్‌పీ460 మాస్‌ఫెట్ల కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. షాపతను చాలా నిజాయితీగా "అన్నా, ఒరిజినల్ కావాల్నా, మామూలుది నడుస్తదా?" అనడిగాడు. ఒరిజినలే అని ఎక్కువ ఇచ్చి తెచ్చుకున్నా. పోయాయి. ఇంకో జత తెచ్చా. అవీ పోయాయి. నకిలీ అంటగట్టాడని అతన్ని ఎంత తిట్టుకున్నానో చెప్పలేను, పాపం అతని తప్పేమీ లేదని తర్వాత తెలిసింది.

మూడో జతకి బుద్ధొచ్చి, పాత 200 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి వెతికి, కరెంటు మరీ ఎక్కువ పోకుండా బోర్డుకి సిరీస్‌లో పెట్టాను. బల్బు ఫుల్లుగా వెలిగింది, అంటే లోపల షార్ట్ ఉన్నట్టే. ఈసారి మాస్‌ఫెట్లు బతికాయి, కానీ తప్పెక్కడుందో బల్బు చెప్పదు కదా. అది చెప్పాల్సింది ఆసిలోస్కోప్, అంటే వోల్టేజీ ఎలా లేచి పడుతోందో తెర మీద గీసి చూపించే పరికరం. రెండు ఛానెళ్లది కొత్తది కొనాలంటే వేలల్లో మాట, హాబీకి అంత పెడతానంటే మా ఇంట్లో నన్ను కూడా సిరీస్‌లో పెడతారు.

అందుకని దగ్గర్లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లాను. ల్యాబ్ ఇన్‌ఛార్జి మర్యాదగానే మాట్లాడారు, టీ కూడా తెప్పించారు. లోపల డజనుకు పైగా స్కోపులు, రెండింటికైతే కవర్లు కూడా తీయలేదు. "బయటివాళ్లకి ఇచ్చాక రేపేదైనా అయితే ఎవరు జవాబు చెప్పాలండీ" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. కానీ ఆ గది శనివారం సాయంత్రం తాళం పడితే సోమవారం పొద్దున దాకా తెరుచుకోదు.

చివరికి దారి చూపింది మా వీధి చివర టీవీలు బాగుచేసే పెద్దాయన. ఆయన దగ్గర పాత స్కోపు ఉంది. మెయిన్స్ (ఇంటి కరెంటు) ఊసే లేకుండా, మాస్‌ఫెట్లు తీసేసి, వాటిని ఆన్-ఆఫ్ చేయించే గేట్ డ్రైవ్ ట్రాన్స్‌ఫార్మర్ రెండు అవుట్‌పుట్లనీ తెర మీద పక్కపక్కన పెట్టి చూపించారు. "రెండూ ఒకేసారి లేస్తున్నాయి చూడు నాయనా. ఒకటి లేస్తే ఒకటి పడాలి." ఒక వైండింగ్ తిరగేసి కలిపాను, అంతే. పై మాస్‌ఫెట్టూ కింది మాస్‌ఫెట్టూ ఒకేసారి ఆన్ అయి సప్లైని షార్ట్ చేస్తున్నాయన్నమాట, నెల రోజులుగా. పది నిమిషాల పని. ఆ తర్వాత కూడా కాయిల్ రెండు రోజులు మాట్లాడలేదు, ప్రైమరీ (కింద కొద్ది చుట్లే ఉండే కాయిల్) కొసలు తారుమారు చేస్తే ఒక్కసారి జుయ్యిమని ఊదారంగు మెరుపు జానెడు లేచింది. ఏ వైరూ లేకుండా చేతిలో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే మా పిల్లల మొహాలు చూడాలి.

ఇప్పుడు అసలు విషయం. స్కోపు దొరికిన కుర్రాడు కూడా క్షేమమేం కాదు. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (బోర్డుకి మెయిన్స్‌తో నేరుగా లంకె లేకుండా చేసేది) లేకుండా మెయిన్స్ మీద ఉన్న బోర్డుకి స్కోపు ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పు తగిలిస్తే అది నేరుగా ఎర్త్‌కి షార్ట్. ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో 325 వోల్టులు అలాగే కూర్చుంటాయి, డిస్చార్జ్ రెసిస్టర్ పెట్టకపోతే. హై ఫ్రీక్వెన్సీ కరెంటు చర్మం మీదే పోతుంది, ఏమీ కాదు అని చెప్పేవాళ్ల మాట అసలు నమ్మొద్దు, నా వేలి మీద తెల్లటి కాలిన మచ్చ ఇంకా ఉంది. ఇవన్నీ పక్కన ఒక మనిషి నిలబడి చెప్పాలి.

ఈసీఐఎల్, నాచారంలో బీఈఎల్, కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ ల్యాబులు ఉన్న ఊరు మనది. రాయదుర్గంలో 2023లో టీ-వర్క్స్ (కొత్త వస్తువులు తయారుచేసి చూసుకునే కేంద్రం) వచ్చింది, సంతోషం, కానీ కుషాయిగూడ నుంచి అది ఊరికి ఆ కొస. కాలేజీలు అన్ని దిక్కులా ఉన్నాయి. నెలకి ఒక ఆదివారం, నాలుగు గంటలు, ఒక టెక్నీషియన్, రెండు స్కోపులు, ఒక ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. ఫీజు పెట్టండి, సంతకాలు తీసుకోండి, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లయితే తల్లినో తండ్రినో వెంట తెచ్చుకోమనండి. యాజమాన్యాల్లో ఎవరైనా ఒప్పుకుంటే ఆ కబురు మీ పేజీలో వేయండి. ఫ్యూజులు, సిరీస్ బల్బు నేను తెస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
కుషాయిగూడ, హైదరాబాద్